నిచ్చెన కింద నిలబడి

రెండో నెల, బహుళ దశమి

చెబుతున్నది చన్‌పెంగ్. రాస్తున్నది వియెంగ్‌సై టీచరమ్మ. నాకు డెబ్భై తొమ్మిదేళ్ళు, అక్షరం ముక్క రాదు. టీచరమ్మకు బడి లేదు. మా ఊరి బడిలో పిల్లలు పదకొండుమందికి దిగారని రెండేళ్ళ కిందట తలుపులు మూసి, ఆ పదకొండుమందినీ వ్యానులో జిల్లా బడికి తోలుతున్నారు. ఆవిడ ఇప్పుడు వాకిట్లో సేమ్యా పులుసు అమ్ముకుంటోంది. బడి మూసినప్పుడు ఎవరికీ అక్కర్లేక మిగిలిన హాజరు పట్టీలు ఆవిడ ఇంట్లో పెట్టెడు ఉన్నాయి. వాటిలోనే రాయిస్తున్నాను. పిల్లల పేర్లుండాల్సిన గళ్ళలో నా మాటలు పడుతున్నాయి.

ఒకటే షరతు పెట్టాను. చెప్పింది చెప్పినట్టు రాయాలి, బాగుచేయకూడదు. కొట్టెయ్యమంటే కొట్టెయ్యాలి, ఉంచమంటే ఉంచాలి. రాశాక నాకొకసారి చదివి, పట్టీ నా అన్నం బుట్ట వెనకాల పెట్టి పోవాలి. ఇది ఎవరికీ చూపించడానికి కాదు. పులుసు పొంగితే మాత్రం మధ్యలో లేస్తానంది. సరే అన్నాను.

రాయించడమెందుకంటే, మా విహారంలోకి తెల్లగుడ్డల వాళ్ళు వచ్చారు.

విహారం వెనక స్తంభాల మీద గ్రంథాల ఇల్లు ఉంది. లోపల తాటాకు కట్టలు నాలుగువందల పన్నెండు. ఆడవాళ్ళు ఆ నిచ్చెన ఎక్కకూడదు. నేను ఎక్కలేదు, ఎక్కుతానని అడగనూలేదు. అయినా యాభై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఏ కట్ట ఎక్కడుందో చెప్పేది నేనే. గురువుగారికి ఫలానా గ్రంథం కావాలంటే నాకు కబురొస్తుంది. నిచ్చెన కింద నిలబడి పైన ఉన్న విహారం పనివాడు ఫొమ్మాకు చెబుతాను, ఎడమ పక్క రెండో పెట్టె, పసుపు గుడ్డ, రెండు నల్ల గీతలు, చేపతోక అంచు, బున్‌హెంగ్ తల్లి నేత. ఫొమ్మా దింపుతాడు. అది ఆ గ్రంథమే అవుతుంది.

ఆకుల మీద అక్షరాలు మగవాళ్ళవి. చుట్టిన గుడ్డలు మావి. పోయినవాళ్ళ పేరున నేసి చుడతాం, ఆ గ్రంథం చదివినప్పుడల్లా వాళ్ళకు పుణ్యం చేరుతుంది. పేకలో వెదురు బద్దలు పెట్టి నేస్తాం, ఆకు వంగకుండా. కోతలయ్యాక ఏడాదికొక రోజు కట్టలన్నీ కిందికి దింపి చాపల మీద ఎండబెడతారు, ఆ రోజు చిరుగులు కుడతాం. ఏ గుడ్డ ఎవరి చేతిదో నాకు చీకట్లో తడిమినా తెలుస్తుంది.

రాజధాని వియన్‌చాన్ నుంచి వచ్చిన వాళ్ళు ముగ్గురు. పెద్దావిడ దాలవన్, కళ్ళద్దాలు, నెమ్మదస్తురాలు. గుడ్డలు విప్పి ఆకులు తుడిచేది ఖంఫూ అని ఒక కుంటాయన. ఫొటోలు తీసే మూడో అతనికి నోరున్నట్టు లేదు. గుడ్డ విప్పుతారు, స్పిరిట్ అద్దిన దూదితో ఆకులు తుడుస్తారు, ఫొటో తీస్తారు, కొత్త తెల్లగుడ్డలో చుట్టి నంబరు కడతారు. పాత గుడ్డల్లో బాగున్నవి రేకు పెట్టెలోకి. చిరిగినవి పండుగయ్యాక మర్యాదగా కాల్చేయడానికి.

రెండో నెల, బహుళ ద్వాదశి

ఇవాళ నలభై కట్టలు దింపారు. నలభైకీ ఒకటే తెల్లగుడ్డ. చాప మీద వరసగా పడుకోబెడితే ఊళ్ళో కలరా వచ్చినట్టుంది.

మూడో నెల, శుద్ధ పాడ్యమి

చిన్న గురువుగారికి పీఠం మీద పెట్టడానికి ఇల్లు కట్టే ముహూర్తాల గ్రంథం కావాల్సి వచ్చింది. చిన్న గురువుగారంటే ఇప్పటి పెద్దాయనే, ముప్ఫై నాలుగేళ్ళు, నాకు చిన్నే. నేను నిచ్చెన కిందికి వెళ్ళి, కుడి పక్క పై పెట్టె, ఆకుపచ్చ గుడ్డ, మొసలి బొమ్మ అన్నాను. ఫొమ్మా పైనుంచి తొంగి చూశాడు.

"ఆకుపచ్చ లేదు అక్కా. అంతా తెలుపే."

మొసలి లేదా అన్నాను. మొసలీ లేదన్నాడు. నేను అక్కడే నిలబడ్డాను. దాలవన్ వచ్చి ఫోను మీద వేలు రెండుసార్లు కదిపి, తొంభై మూడు అంది. ఫొమ్మా తొంభై మూడు దింపాడు. నా వైపు చూడకుండా దింపాడు, ఆ మర్యాద ఒకటి చేశాడు.

ఇంటికొచ్చి నిల్వచేప కారంతో రెండు ముద్దలు తిన్నాను. రుచి తెలియలేదు.

మూడో నెల, శుద్ధ పంచమి

ఇవాళ్టిది జాగ్రత్తగా రాయి.

విహారం మంటపంలో ఊరంతా కూర్చుంటే దాలవన్ అప్పటిదాకా ఫొటోలు తీసిన కట్టల జాబితా చదివింది. ముందు నంబరు, తరువాత పాత గుడ్డ గుర్తు, తరువాత లోపలి గ్రంథం పేరు. నూటఎనభై ఏడు దగ్గరికి వచ్చింది. నీలిగుడ్డ, ఎర్రదారం చుట్టిన వెదురు బద్దలు, నడుమ పసుపు పట్టీ. అది నా గుడ్డ. లోపల ఏముందో నాకు చదివి చెప్పనక్కర్లేదు. నాలుగో నెల పండుగలో చదివే పెద్ద దానకథలో తల్లి అధ్యాయం, అడవి నుంచి తిరిగొచ్చిన తల్లి పిల్లలు కనపడక వెతుక్కునే అధ్యాయం. వరద వచ్చిన ఏడు నా కూతురు బువా జ్వరంతో పోయింది. నాలుగేళ్ళ పిల్ల. దాని పేరున ఆ గుడ్డ నేశాను. ఏటా పండుగకు ఆ కట్ట పీఠం మీద పెడతారు, తల్లి అధ్యాయం చదువుతారు, నేను చేతులు జోడించి కూర్చుంటాను. యాభై రెండు పండుగలు.

దాలవన్ కళ్ళద్దాలు సర్దుకుని చదివింది, లోపల గేదెల జబ్బులు, వాటి మందులు.

తరువాత వెనకనుంచి మంగలి కియెంగ్ గొంతు.

"అవ్వా, నీ పుణ్యాన మన ఊరి గేదెలన్నీ ఈపాటికి స్వర్గంలో మేస్తుంటాయి."

మంటపమంతా నవ్వింది. చిన్నపిల్లలు నవ్వారు. చిన్న గురువుగారు తల వంచుకున్నారు, భుజాలు కదలడం చూశాను.

నేను లేచి నిలబడి కట్టలు కలిసిపోయాయని చెప్పాను. విప్పినవాడు ఖంఫూ, చుట్టినవాడు ఖంఫూ, కలిపినవాడు ఖంఫూ అన్నాను.

మూడో నెల, శుద్ధ షష్ఠి

నా వాదన ఇది. నంబరు వెయ్యి, అప్పచెప్పేటప్పుడు తడబడను.

ఒకటి. గుడ్డ నాది. రెండు. వరద ఏడు నాకు వచ్చిన కట్ట తల్లి అధ్యాయం. అప్పటి పెద్ద గురువుగారు తన నోటితో చెప్పారు. మూడు. ఇన్నేళ్ళూ పండుగకు నా గుడ్డే పీఠం మీదికి వెళ్ళింది. ఎవరైనా కాదన్నారా? నాలుగు. నేనేమీ ముట్టుకోలేదు.

పండుగలో ఆకులు విప్పి చదవరా అని టీచరమ్మ అడిగింది. చదవరు. పాత లిపి ఇప్పటి భిక్షువులకు రాదు. పెద్ద గురువుగారు పోయాక వచ్చినాయనే అచ్చు పుస్తకం తెచ్చుకున్నారు. కట్ట పీఠం మీద ఉంటుంది, పుస్తకం చేతిలో ఉంటుంది. అందులో తప్పేముంది?

అయిదు. నేనేమీ ముట్టుకోలేదు. రెండుసార్లు రాశావా? ఉండనీ.

మూడో నెల, శుద్ధ అష్టమి

పంచాయతీ అయింది. ఊరిపెద్ద బున్‌తన్ నా మేనల్లుడు, మా ఆయన అక్క సెంగ్‌మనీ కొడుకు. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు.

దాలవన్ ఫోను తీసి, విప్పకముందు తీసిన ఫొటో చూపించింది. ప్రతి కట్టనూ ముందు గుడ్డతోనే తీస్తారట, పక్కన నంబరు పెట్టి. తరువాత ఆకుల ఫొటోలు, వరస తప్పకుండా. బొమ్మలో నా గుడ్డ ఉంది. నేను చూసి, యంత్రం దాన్ని పట్టుకున్నవాళ్ళు చూపించమన్నదే చూపిస్తుందన్నాను.

బున్‌తన్ లేచాడు. మా అత్త నిచ్చెన కింద నిలబడి చెప్పిన కట్ట ఒక్కనాడు తప్పలేదు, ఊళ్ళో ఎవరినైనా అడగండి అన్నాడు. అందరూ అవునన్నారు. మొన్న నవ్విన కియెంగ్ కూడా. దాంతో తీర్పయిపోయింది. పని ఆపాలి. ఖంఫూను వెనక్కి పంపాలి. మిగిలిన రెండువందల పైచిలుకు కట్టలు ఎవరూ ముట్టుకోకూడదు.

దాలవన్ ఎదురు చెప్పలేదు. ఉత్తరం పక్క పెట్టెలో ఏడు కట్టలు ఇప్పటికే చెదలు తిని పొడి అయ్యాయనీ, ఈ వానలు దాటితే మిగిలినవి ఉండవనీ మాత్రం అంది. ఈ మచ్చ పడితే ఖంఫూకు వాళ్ళ కచేరీలో మళ్ళీ పని ఇవ్వరు, అదీ చెప్పింది. పాత లిపి చదవగలిగినవాళ్ళు మాకు అయిదుగురే ఉన్నారమ్మా, వారిలో ఆయనొకడు అంది.

నేను గెలిచాను. రాసుకో.

ఎందుకు కలం ఆపావు?

మూడో నెల, శుద్ధ నవమి

ఏమీ లేదు.

మూడో నెల, శుద్ధ ఏకాదశి

కాల్చే గుడ్డల కుప్ప చూసి వచ్చాను. అందులో సెంగ్‌మనీ గుడ్డ ఉంది. గోధుమరంగు మీద తెల్ల గోరింటపువ్వులు, పీలికలైపోయింది. ఆవిడ బతికినన్నాళ్ళూ తన గుడ్డ తానే కుట్టుకునేది. పోయాక ఎవరూ కుట్టలేదు. మిగతావన్నీ నేను కుడతాను, ఆ ఒక్కదాన్నీ ముట్టుకోను. కళ్ళు సరిగా ఆనవు కదా.

మిగతా వాటికి ఆనుతాయా అని నన్ను అడగకు.

మూడో నెల, పౌర్ణమి

టీచరమ్మ వాకిట్లోనే జరిగింది కాబట్టి ఆవిడకూ తెలుసు. అయినా నా మాటల్లో రాయాలి.

నేను పులుసు తాగుతున్నాను. ఖంఫూ వచ్చి ఎదురు బల్ల మీద కూర్చున్నాడు. ఎల్లుండి పడవకు వెళ్ళిపోతున్నాడట. నన్ను చూసి లేచి దణ్ణం పెట్టాడు. నేను గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాను. ఆయన కోపంగా లేడు. కోపంగా ఉంటే నాకు తేలికయ్యేది, కోపం నాకు చేతనైన పని. పంతొమ్మిదేళ్ళు భిక్షువుగా ఉన్నాడట, పదకొండేళ్ళుగా ఊరూరా తిరిగి ఈ ఆకులే తుడుస్తున్నాడట. టీచరమ్మ అడిగితే చెప్పాడు. తరువాత నాతో అన్నాడు.

"అవ్వా, నా చేతులు ఇంతవరకు తప్పలేదు. అయినా నీ అంత మనిషి కలిపావంటే కలిపానేమోనని వారం రోజులుగా నన్ను నేనే అనుమానిస్తున్నాను. రాత్రి దుప్పటి మడిచినా విప్పి చూసుకుంటున్నాను."

నేను గిన్నెలో చెంచా తిప్పాను.

"ఆ నడిమి పసుపు పట్టీ చిన్నపిల్ల రవికె ముక్క కదా. కుట్టు కదలకుండా కుంకుడురసంతో ఉతికి నీడలో ఆరేశాను. రేకు పెట్టెలో అన్నిటికంటే పైన ఉంది."

రవికె సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. యాభై రెండేళ్ళలో ఎవరూ అడగలేదు. మెడపట్టీ కుట్టు చూసి తెలుసుకున్నాడట.

మిగిలిన పులుసు తాగలేకపోయాను. టీచరమ్మ గిన్నె తీసేస్తూ ఏమీ అనలేదు. ఈ మధ్య ఆవిడ ఏమీ అనకపోవడం ఎక్కువైంది.

మూడో నెల, బహుళ పాడ్యమి

ఒకామె కథ చెబుతాను, రాయి.

వరద ఏడు. నది విహారం మెట్లెక్కింది. పైన ఉన్న కట్టలు తడవలేదు గాని గుడ్డలన్నీ బూజు పట్టాయి. ఊరి ఆడవాళ్ళందరూ కొత్తవి నేశారు. ఎండబెట్టే రోజున పెద్ద గురువుగారు చీట్లు తీయించారు, ఎవరికి ఏ కట్టో. ఒకామెకు సన్నటి కట్ట వచ్చింది. అంచులు మాసిపోయి, కట్టెపుల్లల మోపులా ఉంది. పెద్ద గురువుగారు ఆమెతో, ఇది తల్లి అధ్యాయం, నీకే రావాల్సింది అన్నారు.

పక్క చాప మీద ఆమె ఆడబిడ్డ కూర్చుంది. ఆవిడకు వచ్చిన కట్ట లావుగా ఉంది. అంచులకు బంగారు పూత. ఎండలో చూడలేకపోయారు.

ఆ ఆడబిడ్డ ఇంటి నుంచే గురువుగారికి రోజూ అన్నం వెళ్ళేది. ఒకామె అనుకుంది, చూశావా, బంగారు పూత ఉన్నదేమో వాళ్ళకు, మోపు నాకు. నోటితో తల్లి అధ్యాయం అనేసి చేతికి మరొకటి ఇచ్చారు, నాకు చదువు రాదు కదా అనుకుంది. తల్లి అధ్యాయమంటే బంగారు పూత ఉండదా?

ఆమె పిల్ల పోయి అప్పటికి మూడు నెలలు. పిల్ల పోయిన మూడో రోజే అత్తగారు చాప ఉతికేసి, ఆమెను నాట్లకు పంపింది. ఆడబిడ్డ సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజూ పొద్దు పొడిచే వేళకు సొరకాయ బుర్రతో నీళ్ళు తెచ్చి ముఖం ముందు పెట్టేది. "తాగు. నీ కోసం కాదు, నా తమ్ముడికి వండి పెట్టేవాళ్ళు కావాలి" అనేది. అంత నోటి దురుసు. ఆ మాట ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచారు. చాపల దగ్గర ఎవరూ లేరు.

ఇక్కడ ఆపు.

మూడో నెల, బహుళ విదియ

ఆ ఒకామె ఎవరో నీకు ఎప్పుడో తెలుసు. షష్ఠి నాడు రాయించింది తీయి. నేనేమీ ముట్టుకోలేదని రెండుసార్లు ఉంది. రెండూ కొట్టెయ్యి.

వద్దు. ఉంచు. చెప్పింది చెప్పినట్టు ఉండాలన్నది నేనే.

మార్చింది నేను. రెండు గుడ్డలు విప్పి, అటుది ఇటు, ఇటుది అటు. ముడి పడ్డాక అందరూ గుడ్డనే చూస్తారు, లోపలి లావూ సన్నం ఎవరూ చూడరు. కట్టలకు వేలాడిన పేర్ల చెక్కలు కూడా మార్చాలని నాకు తెలియదు, తరువాతి వానలకు అవే ఊడిపోయాయి. పెద్ద గురువుగారు ఆ ఏడే పోయారు. అప్పటినుంచి నిచ్చెన కింద నిలబడి, తల్లి అధ్యాయం అంటే నీలిగుడ్డ, ఎర్ర బద్దలు అని నేనే చెప్పాను. నేను చెప్పిందే జాబితా.

అంటే నాకు వచ్చినది నిజంగా తల్లి అధ్యాయమే. నా చేతులతో నేనే తీసి సెంగ్‌మనీకి చుట్టాను. గురువుగారి మాట నమ్మలేదు. బంగారు పూతను నమ్మాను. ఎవరో గొడ్లవాడు తన మందకు గాలికుంటు తగ్గితే మొక్కుకుని పూయించిన పూత అది. దాలవన్ ఆ రోజు జాబితాలో చదివింది, నవ్వుల్లో నేను తప్ప ఎవరూ వినలేదు.

ఖంఫూ పడవ ఇవాళ మధ్యాహ్నం. టీచరమ్మ కలం పక్కన పెట్టి పడవ గంట ఎన్నింటికని అడిగింది. గంట తెలిసే ఉంటుంది ఆవిడకు.

అదే రోజు, సాయంత్రం

వెళ్ళాను. టీచరమ్మ భుజం పట్టుకుని వెళ్ళాను. ఖంఫూ సంచి సర్దుకుని విహారం గేటు దగ్గర చిన్న గురువుగారికి చివరి దణ్ణం పెడుతున్నాడు. బున్‌తన్ ఉన్నాడు, దాలవన్ ఉంది, పడవ దాకా సాగనంపే వాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. కియెంగ్ కూడా ఉన్నాడు. ఎక్కడ వినోదముంటే అక్కడుంటాడు.

నేను తిన్నగా నిచ్చెన కిందికి వెళ్ళి నిలబడ్డాను. నాకు మాట వచ్చేది అక్కడే. కట్టలు కలిపింది ఖంఫూ కాదు, వరద ఏడు నేను మార్చాను, నూటఎనభై ఏడుకూ సెంగ్‌మనీ కట్టకూ గుడ్డలు మార్చాను అని చెప్పాను. అంతే. దానికి మూడు మాటలు కూడా పట్టలేదు. యాభై రెండేళ్ళు ఎందుకు పట్టిందో.

బున్‌తన్ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"అత్తా, ఎండ ఎక్కువగా ఉంది. తల తిరుగుతున్నట్టుంది నీకు. నీడలోకి రా."

పాపం, నాకు దారి చూపిస్తున్నాడు. ఆ దారిన వెళ్తే అందరూ తల ఊపేవాళ్ళే, ముసలిది కదా అని. తల తిరగడం లేదు, మీ అమ్మ గుడ్డ నేనే తీశాను అన్నాను.

వాడు చెయ్యి వదల్లేదు.

"అమ్మకు తెలిసుంటే నిన్ను నదిలోకి తోసేది."

"తోసేది. అందుకే చెప్పలేదు."

కియెంగ్ నోరు తెరవబోతే చిన్న గురువుగారు వాడి వైపు చూశారు. వాడు మూసుకున్నాడు. ఖంఫూ సంచి కింద పెట్టాడు. రెండు అరచేతులూ తిప్పి ఒకసారి చూసుకున్నాడు. పడవవాడు కిందనుంచి అరిచి అరిచి వెళ్ళిపోయాడు.

నేను తప్పు ఒప్పుకున్నానంతే, తెల్లగుడ్డ మంచిదని ఒప్పుకోలేదు. అదీ రాయి.

మూడో నెల, బహుళ సప్తమి

పని మళ్ళీ మొదలైంది. దాలవన్‌తో రెండు రోజులు వాదించాను. పాత గుడ్డల రంగు ఆకులకు దిగుతుందనీ, పురుగు గుడ్లు దాక్కుంటాయనీ ఆవిడ అంటుంది. తెల్లటి కట్టల మధ్య నిలబడితే మా ఊళ్ళో ఆడవాళ్ళు ఎప్పుడూ పుట్టనట్టే ఉందని నేనన్నాను. చివరికి లోపల తెల్లది, ఉతికిన పాతది పైన. చిరిగినవి ఎవరి ఇంటివారు కుట్టి ఇస్తే అవీ పైన.

ఇంకొకటి ఆవిడే అడిగింది. జాబితాలో గుడ్డ నేసినవాళ్ళ పేరుకు ఒక గడి పెడతాను, చెబుతారా అని. ఇంతవరకు ఏ ఊళ్ళోనూ ఆ గడి పెట్టలేదట, అడగాలని తోచలేదట. తోచదు. అక్షరం వచ్చినవాళ్ళకు గుడ్డ గుడ్డే.

మూడో నెల, బహుళ నవమి

నలభై ఆరు గుడ్డలకు పేర్లు చెప్పాను. గొంతు పోయింది.

మూడో నెల, బహుళ త్రయోదశి

నిచ్చెన కింద కుర్చీ వేశారు. గుడ్డ చూపిస్తారు, నేను చెబుతాను. ఇది బున్‌హెంగ్ తల్లిది, పోయిన భర్త పేరున. ఇది నదవతలి నుంచి కోడలుగా వచ్చిన పిల్లది, అంచు మన తీరు కాదు. ఇది ఎవరిదో తెలియదు. తెలియదని కూడా రాయమన్నాను. మునుపైతే ఏదో ఒక పేరు చెప్పి ఉండేదాన్ని. నేను చెబితే అదే ఖాయం కదా.

నూటఎనభై ఏడు వచ్చింది. నేసినది చన్‌పెంగ్, కూతురు బువా పేరున అన్నాను. లోపల గేదెల వైద్యం, అలాగే ఉంచండి అన్నాను. గుడ్డ ఇప్పుడు తల్లి అధ్యాయానికి మారుద్దామా అని దాలవన్ మెల్లిగా అడిగింది. వద్దన్నాను. ఒకసారి మార్చింది చాలు. మార్చిన సంగతి కూడా రాయమన్నాను, ఏ ఏడు, ఎవరు. ఆవిడ రాసుకుంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, ధూళి ఎక్కువ అక్కడ.

రోజూ ఇంటికొచ్చేసరికి ఒంట్లో ఏమీ మిగలడం లేదు. ఇన్నేళ్ళూ నాలోనే ఉన్నవి ఒక్కొక్కటీ ఆ యంత్రంలోకి పోతున్నాయి. అన్నీ పోయాక నన్ను ఎవరు పిలుస్తారు? ఈ ప్రశ్న రాయాలా అని టీచరమ్మ అడిగింది. బడి పోయి పులుసు అమ్మడం మొదలుపెట్టినప్పుడు నిన్ను నువ్వు ఇదే అడగలేదా అన్నాను. ఆవిడ నవ్వి, ఇంకా అడుగుతూనే ఉన్నానవ్వా అంది.

నాలుగో నెల, శుద్ధ చవితి

కాల్చే కుప్పలోంచి సెంగ్‌మనీ గుడ్డ తెచ్చుకున్నాను. బున్‌తన్ భార్య కుడతానంది, కుదరదన్నాను. పడుగు చాలావరకు పోయింది, పువ్వులు సగం ఉన్నాయి. వెనక పాత దుప్పటి ముక్క వేసి ఒక్కొక్క పోగూ అతుకుతున్నాను. ఆవిడ నేత గట్టిది. దారం లాగితే ఎదురు తిరుగుతుంది, ఆవిడలాగే.

కళ్ళు ఆనుతున్నాయి. రాయి, పరవాలేదు.

నాలుగో నెల, శుద్ధ ఏకాదశి

కుట్టడం అయింది. వేళ్ళు వంగడం లేదు.

నాలుగో నెల, శుద్ధ త్రయోదశి

ఇవాళ పండుగ. పొద్దున్నుంచి చదువుతున్నారు. తల్లి అధ్యాయం వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సెంగ్‌మనీ గుడ్డలో కట్ట పీఠం మీద పెట్టారు. ఎవరి పేరున చదవాలని చిన్న గురువుగారు నన్ను అడిగించారు. గుడ్డ ఎవరి పేరున నేసిందో వారి పేరునే అన్నాను. సెంగ్‌మనీ వాళ్ళ నాన్న పేరున, అంటే మా మామగారి పేరున. బున్‌తన్ నా వైపు చూశాడు. నేను చేతులు జోడించి ముందుకు చూశాను.

ఈసారి అచ్చు పుస్తకం వద్దన్నారు చిన్న గురువుగారు. ఖంఫూ పక్కన కూర్చుని పాత ఆకుల్లోంచి అందిస్తుంటే చదివారు. తడబడుతూ, ఆగుతూ, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుతూ. అచ్చు పుస్తకమంత సాఫీగా లేదు. నేను మొదటిసారి విన్నట్టు విన్నాను. ఆ తల్లి చెట్టుచెట్టునూ అడుగుతుంది. నాకు కన్నీళ్ళు రాలేదు. వస్తాయనుకున్నాను.

బువాకు ఏమీ చేరలేదు ఇన్నేళ్ళూ. అదొక్కటే తిరుగుతూ ఉంది లోపల.

అందరూ తినడానికి లేచాక ఖంఫూ నూటఎనభై ఏడు పట్టుకుని వచ్చాడు, నా గుడ్డలోనే. వినాలనుకుంటావేమోనని అన్నాడు. గేదెల మందులు నాకెందుకు, నాకు గేదెలు లేవు అన్నాను. అయినా పక్కన కూర్చుని కట్ట విప్పాడు. పొదుగు వాపుకు ఒకటి, గిట్టల పుండుకు ఒకటి చదివాడు. తరువాత ఒక ఆకు దగ్గర ఆగి, కొంచెం నెమ్మదిగా చదివాడు. టీచరమ్మ పక్కనే ఉంది కాబట్టి రాసుకుంది. ఇక్కడ ఎత్తి రాయమన్నాను.

"దూడ పోయిన గేదె మేత ముట్టకపోతే, దూడ పడుకున్న గడ్డి వెంటనే తీయకు. వాసన ఉండనీ. నాగలికి కట్టకు. కర్రతో అదిలించకు. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి నీళ్ళు తెచ్చి ముఖం ముందు పెట్టాలి. అది తాగకపోయినా పెట్టాలి. తాగే రోజు దానంతట అదే వస్తుంది."

ఇంకోసారి చదవమన్నాను. చదివాడు. నీళ్ళు ఎవరు పెట్టాలని ఉందో ఆ ముక్క మళ్ళీ అడిగాను. ఒకే మనిషి, ఒకే వేళకు అన్నాడు.

సెంగ్‌మనీ వాళ్ళది గేదెల ఇల్లు. వాళ్ళ నాన్న ఊరి గొడ్లన్నిటికీ వైద్యం చేసేవాడు. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేసరికి మంచంలో ఉన్నాడు.

టీచరమ్మా, సొరకాయ బుర్ర సంగతి ముందు రాయించాను కదా, ఎక్కడో చూడు. నోటి దురుసు అని ఉంటుంది. అది కొట్టెయ్యి.

ఆగు. కొట్టెయ్యకు. ఉండనీ. దాని పక్క గడిలో ఈ ఆకు రాయి.